నీళ్ళు పడాలి

మా ఇంటికొచ్చిన వాళ్ళు చెప్పులు విడిచి లోపలికి రాగానే చూసేది హాల్లో గోడవారన ఉన్న అద్దాల తొట్టిని. నిలబెట్టిన చిన్న జొన్నరొట్టెల్లాంటి నాలుగు చేపలు, ఒంటి మీద నీలం గీతలు, ఎర్రటి కళ్ళు, ఏ హడావుడీ లేకుండా అటూ ఇటూ తిరుగుతుంటాయి. వాటి పేరు డిస్కస్. చూసినవాళ్ళు ముందు "అబ్బ, ఎంత బాగున్నాయండీ" అంటారు. రెండో మాట ప్రతిసారీ ఒకటే. "ఇవి పెంచడం చాలా కష్టమట కదా?"

మా ఆయన ఇంట్లో ఉంటే "ఏం కష్టం లేదండి" అని నాకంటే ముందే జవాబు చెప్పేస్తారు. నేను వంటింట్లోంచి విని ఊరుకునేదాన్ని. ఈమధ్య ఊరుకోవడం మానేశాను. రెండేళ్ళుగా ఆ చేపలకు నీళ్ళు మారుస్తున్నది ఎక్కువగా నేనే మరి. రాత్రి పనులయ్యాక ఫోన్‌లో వీటి గురించి చదవడం మొదలుపెట్టి, మెల్లగా వీటి చరిత్రలోకి వెళ్ళిపోయాను. ఈ "కష్టమా" అనే ప్రశ్నకు తొంభై ఏళ్ళ వయసుందని అక్కడ తెలిసింది. జవాబు మాత్రం నీళ్ళను బట్టీ, ఆ నీళ్ళు మోసేవాళ్ళను బట్టీ మారుతూ వచ్చింది.

మన భాషలో నీళ్ళు పడటం అనే మాటకు రెండు అర్థాలున్నాయి కదా. బోరు వేస్తే "నీళ్ళు పడ్డాయా?" అని ఊరంతా అడుగుతుంది. కొత్త ఊరు వెళ్ళిన మనిషికి ఒంట్లో బాగుండకపోతే "అక్కడి నీళ్ళు పడలేదు" అంటారు. నా పుట్టిల్లు బోధన్ దగ్గర, నిజాంసాగర్ కాలువ కింది పల్లె. పెళ్ళై మనోహరాబాద్ వచ్చిన కొత్తలో రెండో అర్థం నాకు బాగా తెలిసింది. బోరు నీళ్ళలో పప్పు ఎంతసేపటికీ ఉడికేది కాదు. సబ్బు నురగ వచ్చేది కాదు. దువ్వెన నిండా జుట్టు. మా అత్తమ్మ చూసి, "నీకింకా మా నీళ్ళు పడలే బిడ్డా, ఏడాది పడ్తది" అంది. ఆ ఏడాదిలో పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా మా అమ్మ ఐదు లీటర్ల డబ్బా నిండా నీళ్ళు పట్టి ఇచ్చేది. నిజాం కాలంలో 1900 ప్రాంతంలో గోదావరి లోయ వైపు వేసిన లైను మీద, నిజామాబాద్ బండిలో, ఆ డబ్బా కాళ్ళ దగ్గర పెట్టుకుని వచ్చేదాన్ని. ఎవరైనా నవ్వుతారేమోనని పైన తువ్వాలు కప్పేదాన్ని.

చేపలు మా ఇంటికి వచ్చింది మా పెద్దోడి పుట్టినరోజుకి. వాడప్పుడు తొమ్మిదో తరగతి. తండ్రీ కొడుకులు హైదరాబాద్ వెళ్ళి, మూడడుగుల తొట్టి, హీటరు, ఫిల్టరు, ఆరు డిస్కస్ పిల్లలు కొనుక్కొచ్చారు. ఎంతయిందని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా నెల సరుకుల కంటే ఎక్కువేనని తర్వాత తెలిసింది. దుకాణంలో "మామూలు చేపల్లాగే సార్, తిండి వెయ్యండి చాలు" అన్నారట. ఆ సాయంత్రమే బోరు నీళ్ళు నింపి, సంచులు విప్పి వదిలేశారు. మూడో రోజుకు చేపలన్నీ నల్లబడి ఒక మూల చేరాయి. పది రోజుల్లో రెండు పోయాయి. పెద్దోడు అన్నం తినలేదు. అత్తమ్మ తొట్టి దగ్గర నిలబడి చాలాసేపు చూసి, "గా శాపలకు మన నీళ్ళు పడ్తలేవురా" అంది. తర్వాత నేను చదివిన సమాచారమంతా కలిపినా ఆ ఒక్క ముక్క కంటే ఎక్కువేమీ చెప్పలేదు.

ఇంతకీ ఈ చేప పుట్టినిల్లు ఎక్కడ? దీని కథ ఒక పెళ్ళితో మొదలవుతుంది.

1817లో ఆస్ట్రియా చక్రవర్తి కూతురు లియోపోల్డీనాను పోర్చుగల్ యువరాజు పెద్రోకు ఇచ్చి పెళ్ళి చేశారు. పోర్చుగల్ రాజకుటుంబం అప్పుడు బ్రెజిల్‌లో ఉంది. వరుడు సముద్రం అవతల, వధువు వియన్నాలో. వరుడి తరఫున మరొకరు నిలబడితే పెళ్ళి జరిగిపోయింది. ఇరవై ఏళ్ళ పిల్ల నెలల తరబడి ఓడలో ప్రయాణం చేసి రియో చేరింది. ఆమెకు రాళ్ళూ ఖనిజాలూ మొక్కలూ అంటే ప్రాణం. ఆ పెళ్ళి సందర్భంగా చక్రవర్తి కొంతమంది ప్రకృతి శాస్త్రజ్ఞులను కూడా బ్రెజిల్‌కు పంపాడు. వాళ్ళలో యోహాన్ నాటెరర్ ఒకడు. మిగతావాళ్ళు కొన్నేళ్ళకు ఇంటిదారి పట్టారు. ఇతను మాత్రం పద్దెనిమిదేళ్ళు ఆ అడవుల్లోనే తిరిగాడు. వియన్నాకు పంపిన పక్షులే పన్నెండు వేలకు పైన. లియోపోల్డీనా మళ్ళీ పుట్టిల్లు చూడలేదు. 1826లో, ఇరవై తొమ్మిదేళ్ళకే, రియోలోనే పోయింది. ఆమె గురించి చదివిన రాత్రి చేపల సంగతి మర్చిపోయి చాలాసేపు కూర్చున్నాను.

నాటెరర్ పంపిన సీసాల్లో రియో నెగ్రో చేపలు కూడా ఉన్నాయి. రియో నెగ్రో అంటే నల్ల నది, అమెజాన్‌లో కలిసే ఉపనది. ఆ సీసాల్లోని చేపలను వియన్నాలో యోహాన్ యాకోబ్ హెకెల్ అనే ఆయన పరిశీలించి, 1840లో ఒకదానికి సింఫైసోడాన్ డిస్కస్ అని పేరు పెట్టాడు. మొదటి మాట దాని దవడ మధ్యలో మాత్రమే ఉండే పళ్ళను బట్టి, రెండోది పళ్ళెం లాంటి ఆకారాన్ని బట్టి. ప్రాణంతో ఉన్న డిస్కస్‌ను హెకెల్ చూడలేదు. సారాయిలో నానిన చేపకు పేరు పెట్టాడు. రంగు ఎప్పుడో వెలిసిపోయి ఉంటుంది పాపం. 1904లో ఫ్రాన్స్‌లో పెల్లెగ్రాఁ అనే శాస్త్రజ్ఞుడు ఇందులోనే ఇంకో రకాన్ని గుర్తించాడు. ఇప్పుడు ఇళ్ళలో ఉండేవి ఎక్కువగా ఆ రెండో రకపు వంశాలే.

ఆ నల్ల నది నీళ్ళ గురించి చెప్పాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది. అడవి ఆకులు రాలి, నాని, నీళ్ళు పాలు పోయని టీ రంగులో ఉంటాయి. అందులో సున్నం దాదాపు ఉండదు. మన వాన నీళ్ళంత మెత్తన, పైగా కొంచెం పుల్లన. ఏడాది పొడవునా గోరువెచ్చన. నీళ్ళలో పడిపోయిన చెట్ల కొమ్మల మధ్య, నీడలో, గుంపులుగా బతుకుతాయి ఇవి. ఇప్పుడు మా బోరు చూడండి. గ్రానైటు బండల సందుల్లోంచి వచ్చే నీళ్ళు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. మావాడు తర్వాత టీడీఎస్ మీటరు తెచ్చి పెడితే మా బోరు నీళ్ళు 800 దాటాయి, నల్లాలో వచ్చే భగీరథ నీళ్ళు 200 లోపు చూపించాయి. 2016 ఆగస్టులో మా పక్కన గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైనప్పుడు మేమంతా బిందెల బాధ తీరిందనుకున్నాం. అది చేపలకు కూడా పనికొస్తుందని ఎవరనుకున్నారు! మీటరు లేనివాళ్ళు దిగులు పడక్కర్లేదు. ఏ నీళ్ళలో కందిపప్పు తొందరగా మెత్తబడుతుందో ఆ నీళ్ళు డిస్కస్‌కు దగ్గర. మనకు ఎప్పటి నుంచో తెలిసిన పరీక్షే ఇది.

చేపలను అద్దాల్లో పెట్టి ఇంట్లో చూసుకోవడం అనే ముచ్చట కూడా పాతదేమీ కాదు. దాని మొదట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. వాళ్ళ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఆమె ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి పిల్ల. పారిస్ వెళ్ళి కుట్టుపనిలో చేరింది. 1816లో ఒక రాజకుమారి పెళ్ళి గౌను మీద పని చేసి పేరు తెచ్చుకుంది. (ఇక్కడ కూడా పెళ్ళే!) తర్వాత ఒక వ్యాపారిని చేసుకుని సిసిలీలో కాపురం పెట్టి, సముద్ర జీవులను పరిశీలించడానికి 1832లో అద్దాల తొట్టి తయారు చేసుకుంది. అంతకుముందు అందరూ చచ్చిన జీవులను చూసి రాసేవాళ్ళు. ఈమె బతికున్నవాటిని చూస్తూ రాసింది.

రెండో ఆమె లండన్‌లోని అన్నా థైన్, ఒక మతాధికారి భార్య. 1846లో సముద్రపు ఒడ్డుకు వెళ్ళి పగడపు జాతి జీవులను కూజాలో ఇంటికి తెచ్చుకుంది. లండన్‌లో సముద్రపు నీళ్ళు రోజూ ఎక్కడి నుంచి వస్తాయి? ఉన్న నీళ్ళకే గాలి తగిలేలా కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంట, ముప్పావుగంట పోయించేది. పోసింది ఆమె కాదు, ఇంట్లో పనిచేసే చిన్నపిల్ల. అలసిపోయే పనే గానీ ఆ పిల్లకు సరదాగా ఉండేదని థైన్ తనే రాసుకుంది. ఆ పిల్ల పేరు మాత్రం చరిత్రలో ఎక్కడా లేదు. సరదాగా ఉండేదో లేదో ఆ పిల్లను అడిగినవాళ్ళు లేరు. మా ఇంట్లో ఆ ముక్క గట్టిగా చదివి వినిపించాను. మా ఆయన పేపరు కొంచెం పైకెత్తుకున్నారు.

మన వైపు ఈ వేడుక మద్రాసు ద్వారా వచ్చింది. 1909లో మెరీనా ఒడ్డున చేపల ప్రదర్శనశాల తెరిచారు. మన దేశంలో జనం టిక్కెట్టు కొని చేపలను అద్దాల్లో చూసిన మొదటి చోటు అదే. తెలుగు జిల్లాల నుంచి పట్నం చూడబోయినవాళ్ళు లైట్‌హౌసుతో పాటు దాన్నీ చూసి వచ్చేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధంలో మూతపడింది. 1951లో బొంబాయిలో తారాపూర్‌వాలా అక్వేరియం వచ్చింది. ఇళ్ళలోకి తొట్లు రావడానికి మాత్రం కరెంటు, గాలి పంపు, చేపలను పాలిథీన్ సంచిలో కట్టి విమానంలో పంపే పద్ధతి రావాల్సి వచ్చింది.

డిస్కస్ అమెరికా, జర్మనీ ఇళ్ళలోకి 1930ల్లో వచ్చింది. రేకు డబ్బాల్లో ఓడ ప్రయాణం. చాలామటుకు దారిలోనే పోయేవి. చేరినవి కూడా అక్కడి గట్టి నీళ్ళలో ఎక్కువ కాలం నిలిచేవి కావు. పెంచేవాళ్ళు దీనికి చేపల రాజు అని పేరు పెట్టారు, పెంచలేని వాళ్ళకు ఆ పేరు ఊరట కూడా. ఎలాగో బతికి గుడ్లు పెట్టిన జంటలతో ఇంకో చిక్కు వచ్చింది. ఏంజెల్ లాంటి చేపల దగ్గర అలవాటైన పద్ధతి ఏమిటంటే, తల్లీతండ్రీ గుడ్లు తినేస్తాయన్న భయంతో గుడ్లను వేరే తొట్టిలోకి తీసేయడం. డిస్కస్ గుడ్లనూ అలాగే తీశారు. పిల్లలు బయటికి వచ్చేవి, ఈదేవి, ఏ తిండి వేసినా ముట్టక ఆకలితో చచ్చిపోయేవి. ఏళ్ళ తరబడి ఇదే తంతు. నీళ్ళు మార్చారు, తిండి మార్చారు, మందులు వేశారు. తల్లి దగ్గర వదిలేసి చూద్దామని తోచడానికి చాలా కాలం పట్టింది.

వదిలేసినవాళ్ళకు కనిపించింది. పిల్లలు తల్లి ఒంటికి అతుక్కుపోయి ఒంటి మీది జిగురును కొరుక్కు తింటున్నాయి. తండ్రి ఒంటి మీదిది కూడా. 1959లో అమెరికాలో హిల్డెమాన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ వింత పెంపకం గురించి పత్రంగా ప్రచురించాడు. మరుసటేడాది స్మిత్‌సోనియన్ మ్యూజియంలో లియొనార్డ్ షుల్ట్జ్ డిస్కస్ రంగులను, రకాలను సర్ది పెట్టాడు. ఆపైన ఫ్లోరిడాలో జాక్ వాట్లీ అనే పెంపకందారు నీలి రంగు డిస్కస్‌తో పేరు మోశాడు. జర్మనీలో ష్మిట్ ఫోకె అనే డాక్టరు చేపల సంబంధాలు కుదర్చడంలో ఆరితేరాడు. వాట్లీ గుడ్డు పొడిని ముద్దగా చేసి పాత్ర అంచుకు పూసి, తల్లి లేకుండానే పిల్లలను పెంచి చూపించాడు. దానికి రోజంతా కొద్దికొద్దిగా తినిపించాలి, మిగిలింది కడగాలి, నీళ్ళు మార్చాలి, మళ్ళీ తినిపించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఉగ్గుగిన్నెతో పాలు పట్టినవాళ్ళకు ఆ పనేంటో నేను చెప్పక్కర్లేదు.

1980ల నుంచి ఈ చేప కొత్త ఊళ్ళు చూసింది. హాంకాంగ్, పెనాంగ్, థాయ్‌లాండ్, సింగపూర్‌లలో ఇళ్ళ వెనక షెడ్లలో తరాల తరబడి నల్లా నీళ్ళలోనే పుట్టించి పెంచారు. ఇప్పుడు మన దుకాణాల్లో దొరికేవి చాలావరకు ఆ సంతానమే. నల్ల నదిని వీటి తాత ముత్తాతలు కూడా చూసి ఉండవు. అందుకే 1930ల్లో నిజమైన మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. పెంపకంలో పుట్టిన డిస్కస్ కొంచెం గట్టి నీళ్ళలోనూ బతుకుతుంది. దానికి కావాల్సింది మూడే. వేడి 28 నుంచి 30 డిగ్రీల మధ్య కదలకుండా ఉండాలి. నీళ్ళు రోజుకో రకంగా మారకూడదు. మురికి పేరుకోకూడదు. వేడి విషయంలో మనం జర్మనీ వాళ్ళ కంటే అదృష్టవంతులం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మా మెదక్ వైపు చలి గట్టిగానే ఉంటుంది గానీ, అప్పుడు హీటరు, కరెంటు పోతే తొట్టి చుట్టూ దుప్పటి. నా పెళ్ళి నాటి బొంత ఒకటి ఆ డ్యూటీలోనే ఉంది.

మా మొదటి రెండు చేపలు ఎందుకు పోయాయో కూడా చెప్తాను, ఎవరింట్లోనైనా ఇదే జరుగుతుంది. చేప వ్యర్థాలతో నీళ్ళలో అమ్మోనియా తయారవుతుంది, అది విషం. ఫిల్టరులో పెరిగే మంచి బాక్టీరియా దాన్ని ఇంకో పదార్థంగా, దాన్ని మళ్ళీ అంత ప్రమాదం లేని పదార్థంగా మారుస్తుంది. ఆ బాక్టీరియా నిండుగా పెరగడానికి నెల, నెలన్నర కావాలి. కొత్త తొట్టిలో అది ఉండదు. తోడు వెయ్యకుండా పాలు పెరుగవ్వమంటే అవుతాయా? పాత తొట్టి ఉన్నవాళ్ళ ఫిల్టరులోంచి ఒక స్పాంజి ముక్క అడిగి తెచ్చుకుంటే అదే తోడు. ఇంకొకటి, నల్లా నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది. డ్రమ్ములో పట్టి ఒక రోజంతా గాలి తగలనివ్వాలి. ఫిల్టరు క్యాను నీళ్ళు ఒక్కటే పోస్తే మరీ చప్పన, అదీ మంచిది కాదు, కలిపి పోయాలి. వానాకాలంలో మేడ మీద బిందెలు పెట్టి వాన నీళ్ళు పడదామన్నాను. చుట్టూ ఇన్ని ఫ్యాక్టరీల పొగలో వద్దన్నారు మా ఆయన. అది మాత్రం ఒప్పుకున్నాను.

తిండి దగ్గర చిన్న గొడవ. విదేశాల్లో దీనికి ఎద్దు గుండె కొట్టించి పెట్టడం పాత అలవాటు. మా అత్తమ్మ ఫ్రిజ్‌లో దానికి చోటు లేదని తేలిపోయింది. రొయ్యలు, చేప ముక్కలు, పాలకూర, ఒక వెల్లుల్లి రెబ్బ మెత్తగా రుబ్బి, పల్చగా కవర్లో పరిచి గడ్డకట్టించి, రోజూ వేలెడు ముక్క వేస్తున్నాను. బాగా తింటున్నాయి. మిక్సీ మాత్రం వేరేది పెట్టుకోండి.

ఇక అసలు లెక్క. మా తొట్టిలో సుమారు 190 లీటర్లు పడతాయి. రోజు విడిచి రోజు మూడో వంతుకు కాస్త తక్కువ, అంటే దాదాపు 57 లీటర్లు తీసి పోయాలి. నెలకు 15 సార్లు. 855 లీటర్లు. ఏడాదికి పది వేల లీటర్ల పైచిలుకు. లీటరు నీళ్ళు కిలో. పది టన్నులు లోపలికి, పది టన్నులు బయటికి. ఈ లెక్క నేను క్యాలెండరు వెనక వేసి మా ఆయనకు చూపించిన రోజు ఆయన మొదటిసారి "ఏం కష్టం లేదు" అనలేదు. కాసేపు చూసి, "పైపు వేద్దామా" అన్నారు. వారం తర్వాత సంపు పక్క డ్రమ్ము నుంచి తొట్టి దాకా చిన్న మోటారు, పైపు వచ్చాయి. బయటికి తీసిన నీళ్ళు మల్లెచెట్టుకూ కరివేపాకుకూ పోతున్నాయి. రెండూ విరగబూశాయి అందామంటే కరివేపాకు పూస్తే బాగుండదు, చిగురించింది అంటాను. ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్ళు, పొద్దున డ్యూటీకి వెళ్ళే మొగుడు ఉన్న ఇంట్లో డిస్కస్ కష్టమా అంటే, ఆ 57 లీటర్లు ఎవరు ఎత్తుతారో ముందు తేల్చుకుని దుకాణానికి వెళ్ళమంటాను. ఆ మాట తేలితే మిగతాది నేర్చుకోవచ్చు.

పోయిన జూన్‌లో పెద్దోడు ఇంటర్‌కని హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు రోజు తొట్టి అద్దాలు మెరిసేలా తుడిచి, నాకు ఒక కాగితం రాసిచ్చాడు. తిండి ఎప్పుడు, నీళ్ళు ఎప్పుడు, హీటరు ఎంత మీద పెట్టాలి. రెండేళ్ళుగా ఆ పనులు చేస్తున్నది ఎవరో వాడికి గుర్తులేదు! నేనేమీ అనలేదు. వాడు వెళ్ళాక మొదటి వారం ఆ తొట్టి వైపు చూడబుద్ధి కాలేదు. ఎవరికైనా ఇచ్చేద్దామని కూడా అనుకున్నాను. తెలిసినవాళ్ళను ఒకరిద్దరిని అడిగాను కూడా. అంతలో రెండు చేపలు జంటకట్టి, మిగతా రెంటినీ దగ్గరికి రానివ్వకుండా తరమడం మొదలుపెట్టాయి.

ఆ రెంటినీ వేరే చిన్న తొట్టిలోకి మార్చి, జంట దగ్గర మట్టి ముంత ఒకటి బోర్లించి పెట్టాను. దాని మీద వరసగా గుడ్లు పెట్టాయి. మొదటిసారి అన్నీ తెల్లబడి పాడైపోయాయి. రెండోసారీ అంతే. పెద్ద చేప బతకడానికి గట్టి నీళ్ళు సరిపోతాయి గానీ గుడ్డు పొదగడానికి సరిపోవట. మూడోసారి రెండు వంతులు ఫిల్టరు నీళ్ళు, ఒక వంతు భగీరథ నీళ్ళు కలిపాను. స్కూలు ఆవరణలో రాలిన ఎండు బాదం ఆకులు కడిగి రెండు వేశాను. నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. నల్ల నది మా హాల్లోకి వచ్చినట్టే ఉంది. ఈసారి రెండున్నర రోజులకు గుడ్లు కదిలాయి. ఇంకో మూడు రోజులకు వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు ఈదుకుంటూ వెళ్ళి తల్లి ఒంటికి అంటుకున్నాయి. కాసేపయ్యాక తల్లి ఒక్కసారి విదిలించుకుని పక్కకు జరిగింది. పిల్లలన్నీ తండ్రి మీదికి మారాయి.

అత్తమ్మ కుర్చీ తెచ్చుకుని తొట్టి ముందే కూర్చుంది. "మొగోడు గూడ పాలిస్తడానే?" అంది. అవునన్నాను. "మీ మామ సూడకపాయె" అని నవ్వింది. తర్వాత చిన్నప్పుడు చెరువులో చూసిన కొర్రమట్ట గురించి చెప్పింది. ఎర్రటి పిల్లలు గుంపుగా నీళ్ళ పైకి వస్తుంటే, కింద తల్లీతండ్రీ కాపలా ఉండేవట. ఆ గుంపు కనిపిస్తే పిల్లలు రాళ్ళు వేసేవాళ్ళట, వాళ్ళ నాయిన కొట్టేవాడట. ఇప్పుడదే మన రాష్ట్ర చేప. అది పిల్లలకు కాపలా కాస్తుంది గానీ ఒంటి నుంచి పెట్టదు. ఒంటి జిగురు తినిపించే చేప మాత్రం మన దగ్గరా ఉంది. దక్షిణ భారతం తీరంలోనూ శ్రీలంకలోనూ దొరికే చిన్న నారింజ రంగు చేప, ఆరెంజ్ క్రోమైడ్ అంటారు, డిస్కస్‌కు దూరపు చుట్టమే. దాని పిల్లలు కూడా పెద్దవాటి ఒంటిని తాకుతూ తింటాయని 1967లో పరిశోధకులు రాశారు.

పిల్లలకు ఇది ఎన్నాళ్ళు అని వెతికితే 2010 నాటి ఒక పరిశోధన దొరికింది. ఇంగ్లండ్‌కు చెందిన జొనాథన్ బక్లీ, కేథరిన్ స్లోమన్ బ్రెజిల్ వాళ్ళతో కలిసి చేసింది. గుడ్లు పెట్టగానే ఆ జిగురులో మాంసకృత్తులు, రోగాల నుంచి కాపాడే పదార్థాలు పెరుగుతాయట. తల్లిలోనూ తండ్రిలోనూ. మొదటి రెండు వారాలు పిల్లలు ఎప్పుడొచ్చినా కదలకుండా నిలబడతాయి. మూడో వారం నుంచి పెద్దవి కొద్దికొద్దిసేపు పిల్లలను వదిలి దూరంగా ఈదడం మొదలుపెడతాయి. ఆ దూరం రోజురోజుకూ పెరుగుతుంది. పిల్లలు వెంటపడి వెంటపడి, అలసి, బయటి తిండి ముడతాయి. మా తొట్టిలో కూడా సరిగ్గా అలాగే జరిగింది. అరవై దాకా పుట్టినవాటిలో ఇరవై రెండు మిగిలాయి. ఆ మూడో వారంలో తల్లి చేప మూలకు వెళ్ళి పిల్లలకు వీపు తిప్పుకుని నిలబడటం చూసి, దాని మీద నాకు కోపం వచ్చింది. ఎందుకో నాకే తెలియదు. ఇచ్చేస్తామన్న వాళ్ళకు ఫోన్ చేసి, ఇవ్వడం లేదని చెప్పాను.

పెద్దోడికి వీడియో పంపాను. సాయంత్రం ఫోన్ చేశాడు. పిల్లలెన్ని, ఏం తింటున్నాయి, నీళ్ళు ఎంత మారుస్తున్నావు, అన్నీ అడిగాడు. గొంతు నీరసంగా ఉంది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు, నాలుగు రోజులుగా కడుపు బాగాలేదు, జుట్టు ఊడుతోంది, అక్కడి నీళ్ళు ఒకలా ఉంటున్నాయి అని. పక్కనే ఉన్న అత్తమ్మ ఫోన్‌లోకి వంగి, "నీళ్ళు పడలేరా అయ్యా, ఏడాది పడ్తది" అంది.

ఆదివారం హాస్టల్‌కు బయల్దేరుతుంటే మా ఆయన స్కూటీ ముందు రెండు క్యాన్లు పెట్టారు. కాచి చల్లార్చిన మన నల్లా నీళ్ళు. చేపను కొత్త నీళ్ళలో వదిలేటప్పుడు చేసినట్టే చెయ్యమని వాడికి చెప్పాను. మొదటి రోజు ఇవి ముప్పావు, హాస్టల్‌వి పావు. తర్వాత సగం సగం. వాడు నవ్వి, "సరే అమ్మా" అని క్యాన్లు తీసుకుని, స్నేహితులు చూస్తారేమోనని పైన తువ్వాలు కప్పుకుని లోపలికి వెళ్ళాడు.